వాయిదా ఎవరు రాశారు? విడాకుల కాలానికి ఉన్న కుల చరిత్ర

(మన పెళ్లిళ్లు, వాళ్ల చట్టాలు – 9వ భాగం)

పోయిన వారం మారుమనువు మీద రాసిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్సులో దాదాపు ఒకటే ప్రశ్న అడిగారు. "మేడం, అదంతా సరే, ఇప్పుడు కోర్టులో విడాకులకు ఎంత కాలం పడుతుంది?" అడిగినవాళ్లలో ఎక్కువమంది తమ కోసం కాదు, అక్క కోసమో చెల్లెలి కోసమో అడిగారు. అందుకే ముందు జవాబు చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుంటే: ముందు ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి. తర్వాత ఉమ్మడి పిటిషన్. అది వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి "మాకు విడాకులే కావాలి" అని చెప్పాలి. అప్పుడు డిక్రీ.

ఒకరు ఒప్పుకోకపోతే: ఎదుటివారికి నోటీసు అందిన ఆరు నెలల్లో కేసు ముగించడానికి ప్రయత్నించాలని అదే చట్టం 21బి సెక్షన్ చెబుతోంది. వీలైనంతవరకు విచారణ రోజువారీగా జరపాలని కూడా ఉంది. ఇది 1976 నుంచి పుస్తకంలో ఉన్న మాట. ఏ ఊరి కోర్టు వరండాలోనైనా ఒక పూట నిలబడి అక్కడి ఆడవాళ్లను అడిగి చూడండి. ఎవరూ నెలల్లో లెక్క చెప్పరు, ఏళ్లలో చెబుతారు. "పాప కడుపులో ఉన్నప్పుడు వేశాను, ఇప్పుడు బడికెళ్తోంది" అని చెబుతారు.

ఎందుకింత ఆలస్యం అంటే వకీళ్లు చెప్పే కారణం ఒకటే. కేసులు ఎక్కువ, జడ్జీలు తక్కువ. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఈ ఎదురుచూపులో కొంత భాగాన్ని చట్టమే తన చేత్తో రాసింది. ఎవరి పెళ్లిని మనసులో పెట్టుకుని రాసింది, ఎవరి మీద రుద్దింది అన్నదే ఈ భాగం.

ఆకు సరిపోయిన కాలం

"విడాకులు" అనే మాటను విడదీసి చూడండి. విడు, ఆకు. రాసిచ్చిన ఆకైనా, చీల్చి పడేసిన ఆకైనా, ఆ మాటలో ఉన్నది ఒక ఆకు. తెలంగాణలో "ఇడుపు కాయితం" అంటారు. "తెగతెంపులు" అనే మాట ఉండనే ఉంది. వీటిలో ఏదీ సంస్కృతం నుంచి దిగుమతి అయిన మాట కాదు. ఒక భాషలో ఒక పనికి ఇన్ని సొంత మాటలున్నాయంటే, ఆ పని ఆ భాష మాట్లాడే మనుషుల మధ్య మామూలుగా జరుగుతూ ఉండేదని అర్థం. తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి నేను ముందు మాటల సాక్ష్యమే నమ్ముతాను.

మాటలే కాదు, రాతలూ ఉన్నాయి. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా వేసిన దక్షిణ భారత కులాల పుస్తకం చూడండి. వలస ప్రభుత్వ ఉద్యోగి చూపుతో రాసిందే, ఆ చూపులోని చిన్నచూపు అడుగడుగునా కనిపిస్తుంది. అయినా తెలుగు నేల మీది ఎన్నో శ్రమ కులాల గురించి రాసేటప్పుడు విడిపోవడం ఉందని, వితంతువులకూ విడిపోయినవాళ్లకూ మళ్లీ పెళ్లి ఉందని ఆయన నమోదు చేశాడు.

పద్ధతి ఏమిటో మన ఇళ్లలో ముసలివాళ్లకు ఇప్పటికీ తెలుసు. రెండు వైపుల పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుంటారు. ఓలి ఎంత ఇచ్చారు, పెళ్లి ఖర్చు ఎవరు పెట్టారు, తప్పు ఎవరిది అన్న లెక్క తేలుతుంది. సొమ్ము చేతులు మారుతుంది. ఒక సాయంత్రం, లేదంటే రెండు. మర్నాడు ఆ మనిషి మళ్లీ పనికి పోతుంది.

దీన్ని బంగారు కాలంగా చూపించడం నా ఉద్దేశం కాదు. కూర్చున్న పెద్దలంతా మగవాళ్లే. చాలాచోట్ల ఆడమనిషి దూరంగా నిలబడి వినాల్సిందే తప్ప కూర్చుని మాట్లాడే హక్కు లేదు. వసూలైన తప్పు సొమ్ము సారా కింద పోయిన పంచాయితీలు ఎన్నో. పిల్లల్ని తండ్రికి అప్పజెప్పి తల్లిని ఉత్త చేతులతో పంపినవీ ఉన్నాయి. న్యాయం దొరికేదని నేను అనడం లేదు. పెళ్లి అంటే ఏడేడు జన్మలు కాదు, తెంచుకోదగిన ఒప్పందం అనే అవగాహన మాత్రం ఉండేదని అంటున్నాను. తేడా అక్కడుంది.

ఆచారం నేరమైన తీరు

ఇంగ్లీషు కోర్టులు వచ్చాక ఆ అవగాహనకు శాస్త్రాల పరీక్ష మొదలైంది. 1864లో బొంబాయి హైకోర్టు ముందుకు గుజరాత్ వైపు తలపద కోలీ కులానికి చెందిన ఒక స్త్రీ మీద, ఆమెను చేసుకున్న మనిషి మీద పెట్టిన క్రిమినల్ కేసులు వచ్చాయి. మొదటి భర్త బతికుండగా, అతని ఒప్పుదల లేకుండా, "నాత్రా" అనే మారుమనువు చేసుకుందన్నది అభియోగం. మా కులంలో ఇది ఆచారమేనని వాళ్లు చెప్పుకున్నారు. ఆ ఆచారం హిందూ ధర్మానికే విరుద్ధమని, చెల్లదని కోర్టు చెప్పింది. 1860 నాటి శిక్షాస్మృతి 494 సెక్షన్ ప్రకారం భర్తో భార్యో బతికుండగా ఇంకో పెళ్లి చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలు. అంటే ఆ కులానికి మామూలు సంగతి, కోర్టుకు ఏడేళ్ల నేరం.

మద్రాసు హైకోర్టు కాస్త వేరుగా చూసింది. పెళ్లి ఖర్చు తిరిగి ఇచ్చి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే కుల ఆచారంలో అనైతికం ఏమీ లేదని 1894లో ఒక కేసులో అంగీకరించింది. ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మగవాడు ఒప్పుకుంటే ఆచారం ఆచారమే. ఆడమనిషి తనంతట తాను లేచి వెళ్తే మాత్రం అది ధర్మవిరుద్ధం.

ఈ మధ్య కాలంలోనే మన సాహిత్య చరిత్ర ఏం చెబుతోంది? 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారని చెబుతుంది. నేనూ క్లాసులో ఆ తేదీ చెబుతాను. ఆయన పడ్డ కష్టాన్ని, ఎదుర్కొన్న వెలివేతను తక్కువ చేయను. అయితే "మొదటి" అనే మాట దగ్గర మాత్రం ఆగుతాను. ఎవరికి మొదటి? అదే రాజమండ్రి చుట్టుపక్కల పేటల్లో, గూడేల్లో ఎన్నో తరాలుగా మారుమనువులు జరుగుతూనే ఉన్నాయి. అవి సంస్కరణ చరిత్రకు ఎక్కలేదు. ఎవరి ఇంట్లో తలుపు మూసి ఉందో ఆ ఇంటి కథే తెలుగువాళ్లందరి కథ అయింది. చట్టంలో జరిగిందీ ఇదే.

తొంభై శాతం ఎవరు?

హిందూ కోడ్ బిల్లు చర్చలో విడాకుల మాట రాగానే "మన సంస్కృతిలో విడాకులు లేవు, కుటుంబాలు కూలిపోతాయి" అని గోల చేశారు. 1949లో బాబాసాహెబ్ అంబేడ్కర్ దానికిచ్చిన సమాధానం ప్రతి విద్యార్థికీ తెలియాలి. హిందువుల్లో శూద్రులనే వాళ్లు సుమారు తొంభై శాతమని, వాళ్లలో విడాకులు ఆచారంగా ఉన్నవేనని ఆయన గుర్తుచేశారు. తొంభై మంది పాటించేదాన్ని అందరికీ చట్టం చేయాలా, పదిమంది నియమాన్ని తొంభై మంది మీద రుద్దాలా అని సభను అడిగారు. అంటే విడాకులు పడమటి నుంచి తెచ్చిన కొత్త వింత కాదు, ఈ నేల మీది మెజారిటీ ఆచారం అన్నది ఆయన వాదన.

మద్రాసు రాష్ట్రం 1949లోనే సొంతంగా ద్విభార్యత్వ నిషేధ, విడాకుల చట్టం చేసింది. అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోవే. అయినా ఢిల్లీలో బిల్లు కదల్లేదు. 1951 సెప్టెంబర్‌లో పెళ్లి, విడాకుల భాగాన్ని మాత్రమైనా పాస్ చేద్దామని విడదీశారు. నాలుగు క్లాజులు దాటేసరికి దాన్నీ పక్కన పడేశారు. బాబాసాహెబ్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఆయన చెప్పిన కారణాల్లో ఈ బిల్లును చంపేయడం ఒకటి.

1955 లెక్క

నాలుగేళ్లకు 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. విడాకులు వచ్చాయని పండగ చేసుకున్నారు. కానీ అందులో పెట్టిన గడువులు ఒక్కసారి కూడి చూడండి.

పెళ్లయిన మూడేళ్ల దాకా విడాకుల పిటిషన్ వేయకూడదు. భర్త కొడుతున్నాడు అన్నది నేరుగా విడాకులకు కారణం కాదు. దానికి ముందు "న్యాయ నిర్ణీత ఎడబాటు" కోసం ఒక కేసు వేయాలి. ఆ డిక్రీ వచ్చాక రెండేళ్లు ఆగాలి. అప్పటికీ కలవకపోతే విడాకులకు రెండో కేసు. అది గెలిచాక మళ్లీ పెళ్లి చేసుకోవడానికి ఇంకో ఏడాది ఆగాలి. వదిలేసి పోయిన భర్త విషయంలో అయితే అతను పోయి ముందు రెండేళ్లు కావాలి. అంటే రెండు, రెండు, ఒకటి. చట్టం రాసిన గడువులే ఐదేళ్లు, ఆ పైన రెండు కేసులు నడిచే కాలం. ఇందులో జడ్జీల కొరత లేదు, వకీళ్ల వాయిదా లేదు. ఇది పార్లమెంటు రాసిన వాయిదా.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం అన్నది 1955 చట్టంలో అసలు లేదు. మద్రాసు హైకోర్టు 1894లోనే తప్పులేదన్న ఆచారం, 1954 ప్రత్యేక వివాహ చట్టంలో చోటు దొరికిన పద్ధతి, హిందూ వివాహ చట్టంలోకి రావడానికి 1976 దాకా పట్టింది. క్రూరత్వం, వదిలేసి పోవడం నేరుగా విడాకులకు కారణాలైందీ, మూడేళ్ల గడువు ఏడాదికి తగ్గిందీ, డిక్రీ తర్వాతి ఏడాది నిషేధం పోయిందీ ఆ సవరణలోనే.

ఎందుకన్ని గడువులు? పెళ్లిని సంస్కారంగా, విడదీయరాని బంధంగా చూసే ఇంటికి విడాకులు ఒక ప్రమాదం. అందుకే ప్రతి మెట్టు దగ్గరా "ఇంకోసారి ఆలోచించుకో" అని ఆపుతుంది. ఏ ఆడమనిషైనా ఆలోచించకుండా కోర్టు మెట్లెక్కుతుందా? ఆస్తి, పుట్టింటి గది ఉన్నవాళ్లకు ఆ రెండేళ్లు బాధగా గడుస్తాయి. మిరప కోతకు వెళ్తే తప్ప పూట గడవని మనిషికి ప్రతి వాయిదా ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, వకీలు గుమస్తాకు ఇచ్చే చిల్లర.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే 9వ సెక్షన్ కూడా ఇలాంటిదే. ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చిన సరుకు. భార్య భరణం అడగ్గానే "నా దగ్గరికి రమ్మనండి, కాపురం చేస్తాను" అని భర్త దీని కింద ఎదురు కేసు వేస్తాడు. కాపురం కోసం కాదు, కాలం కోసం. 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం రాజ్యం చేతిలో పెట్టడం కుదరదన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. ఇంగ్లండు దాన్ని 1970లోనే వదిలించుకుంది. మనం ఇంకా మోస్తున్నాం.

కుటుంబ కోర్టుల సంగతీ ఇంతే. మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లొచ్చాక ప్రత్యేక కుటుంబ కోర్టులు కావాలని గట్టిగా అడిగారు. చట్టం 1984లో వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు.

చర్చిలో పెళ్లి, కాగితం మీద హిందువు

గుంటూరు, ప్రకాశం వైపు మన పల్లెల్లో ఇంకో ముడి ఉంది. తాతముత్తాతల కాలం నుంచి చర్చికి వెళ్తారు. పెళ్లి పాస్టరు గారు చేస్తారు. కుల ధ్రువీకరణ పత్రంలో మాత్రం హిందూ మాల, హిందూ మాదిగ. ఇది ఎవరి మోసమూ కాదు. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లు తప్ప వేరే మతం వాళ్లు షెడ్యూల్డ్ కులం కారని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పెట్టిన ముడి. మతం మారినవాళ్లను మన రాష్ట్రాల్లో బీసీ-సీలో పెట్టారు.

ఇప్పుడు ఆ అమ్మాయి విడాకులకు వెళ్తే ఏ చట్టం? క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. 2001 దాకా దాని పుస్తకంలో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు, భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో వదిలేయడమో కూడా రుజువు కావాలి. జిల్లా జడ్జి ఇచ్చిన డిక్రీని హైకోర్టు ఖరారు చేసేదాకా విడాకులు పూర్తయ్యేవి కావు. ఇద్దరి ఒప్పుదలతో విడిపోయే సెక్షన్ 2001లో పెట్టినప్పుడు కూడా, హిందువులకు ఏడాది ఎడబాటు చాలన్న దానికి క్రైస్తవులకు రెండేళ్లు అని రాశారు.

ఆ చట్టం కింద వెళ్లాలంటే ఇద్దరిలో ఒకరైనా క్రైస్తవులమని పిటిషన్‌లో రాయాలి. ఆ కాగితం రేపు ఆమె ఉద్యోగం మీదికో, పిల్లల సర్టిఫికెట్ మీదికో వస్తుందన్న భయం. హిందూ వివాహ చట్టం కింద వేస్తే అవతలి వకీలు చర్చి ఫొటోలు చూపించి "ఈ కేసే చెల్లదు" అంటాడు. ఆ ఒక్క అభ్యంతరం మీదే వాయిదాలు నడుస్తాయి. కొట్టినవాడి సంగతి పక్కకు పోయి, ఆమె దేవుడెవరన్న విచారణ మొదలవుతుంది.

ఒక సాయంత్రం, ఆరేళ్లు

"ఆచారం ప్రకారం విడాకులు ఇంకా చెల్లుతాయి కదా మేడం?" అని లా చదివే ఒక తమ్ముడు అడిగాడు. చెల్లుతాయి. 1955 చట్టం 29వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఆచారపు విడాకుల హక్కును తాకనని చెప్పింది. కానీ అది ఎలా పనిచేస్తుందో మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దమ్మకు 1980ల చివర్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులైంది. స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. ఐదుగురు పెద్దల్లో ఇద్దరు సంతకం పెట్టారు, ముగ్గురు వేలిముద్ర వేశారు. తర్వాత పారిశుధ్య పనిలో ఉన్న మనిషిని మారుమనువు చేసుకుంది. ఇరవై ఏళ్లు కాపురం. ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. కుటుంబ పెన్షన్‌కు వెళ్తే ఆఫీసులో "మొదటి పెళ్లి రద్దయిన కోర్టు డిక్రీ ఏదమ్మా?" అన్నారు. డిక్రీ లేదు కాబట్టి రెండో పెళ్లి పెళ్లే కాదన్నారు. సివిల్ కోర్టులో దావా వేయాల్సి వచ్చింది.

చట్టం వాళ్ల వైపే ఉంది. ఆచారపు విడాకులు సాధారణ చట్టానికి మినహాయింపు కాబట్టి, అలాంటి ఆచారం ఉందని చెప్పుకునేవాళ్లే దాన్ని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో జాదవ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఐదుగురు పెద్దల్లో అప్పటికి మిగిలింది ఒక్కరే. నడవలేని ఆ తాతను ఆటోలో ఎక్కించుకుని రెండుసార్లు తీసుకెళ్తే రెండుసార్లూ వాయిదా పడింది. మూడోసారి బోనులో నిలబెట్టి "ఈ ఆచారం ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగారు. "రాయడం మాకు ఎవరు నేర్పారయ్యా?" అన్నాడాయన. ఆరో ఏట తీర్పు మా పెద్దమ్మ వైపు వచ్చింది. ఆ ఆరేళ్లూ ఆమె నాలుగిళ్లలో అంట్లు తోమి బతికింది.

విడిపోవడానికి ఒక సాయంత్రం పట్టింది. విడిపోయానని రుజువు చేయడానికి ఆరేళ్లు పట్టింది.

బ్రాహ్మణ వివాహానికి అగ్నిసాక్షి చాలు, సప్తపది చాలు. ఏడో అడుగుతో పెళ్లి పూర్తయిందని చట్టమే ఒప్పుకుంటుంది. శాస్త్రంలో ఉంది కాబట్టి ఎవరూ రుజువు అడగరు. మన ఆచారాన్ని మాత్రం ప్రతి కేసులో, ప్రతి మనిషీ, ప్రతిసారీ మొదటి నుంచి రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

అడిగిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొన్ని సంగతులు.

1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా వకీలు దొరుకుతారు. ఆదాయంతో పని లేదు. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది.

హిందూ వివాహ చట్టం కింద భార్య తానున్న ఊరి కోర్టులోనే కేసు వేయవచ్చు. 2003 సవరణ ఇచ్చిన హక్కు ఇది. భర్త ఊరికి తిరగనక్కర్లేదు.

మధ్యంతర భరణం అడిగితే నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టం చెబుతోంది. కోర్టు ఎప్పుడు తేల్చినా, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020లో రజనీష్ కేసులో చెప్పింది. కాబట్టి దరఖాస్తు ఆలస్యం చేయకండి.

ఇద్దరూ ఒప్పుకున్న కేసుల్లో ఆ ఆరు నెలల ఆగడాన్ని మినహాయించే అధికారం కోర్టుకు ఉందని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు తేల్చింది. అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే అడగవచ్చు. అడగనిదే రాదు.

కలవడానికి వీల్లేనంతగా చచ్చిపోయిన పెళ్లిని ఆ కారణంతోనే రద్దు చేయవచ్చని 2023లో ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. అయితే ఆ అధికారం సుప్రీంకోర్టుకు మాత్రమే. మన చెట్టు కింద పెద్దలకు మొదటి రోజే తెలిసిన సంగతి చెప్పించుకోవడానికి ఢిల్లీ దాకా పోవాలి.

ఇంకో మాట కూడా అనాలి. ఈ మధ్య మన ఇళ్లలోనే, కాస్త చదువు, ఉద్యోగం వచ్చిన ఇళ్లలో, విడాకుల మాటెత్తితే "పరువు" అంటున్నారు. అమ్మమ్మ మారుమనువు చేసుకున్న ఇంట్లో మనవరాలిని "సర్దుకుపో" అంటున్నారు. ఆ పరువు మనది కాదు. కోర్టు వాయిదా కంటే ముందు ఇంట్లో పడే వాయిదా అది.

ఈ వారం మీకొక పని. మీ నాయనమ్మనో, పేటలో పెద్దవాళ్లనో కూర్చోబెట్టి అడగండి. మన కులంలో విడిపోవాలంటే ఏం చేసేవాళ్లు? ఎవరు కూర్చునేవాళ్లు? సొమ్ము ఎవరు ఎవరికి ఇచ్చేవాళ్లు? పిల్లలు ఎవరి దగ్గర ఉండేవాళ్లు? ఆడవాళ్లను మాట్లాడనిచ్చేవాళ్లా? పేర్లు, ఊళ్లు, ఏళ్లతో సహా రాసి, తేదీ వేసి, వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకుని దాచండి. ఫోనులో రికార్డు చేయండి. మంచీ చెడూ రెండూ రాయండి. రేపు ఏ కోర్టులోనో ఒక పెద్దమ్మను "ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగినప్పుడు, మీరు రాసి పెట్టిన కాగితం ఆమె వకీలు చేతిలో ఉండాలి.

వచ్చే భాగంలో 1956 వారసత్వ చట్టం, మారుమనువు పిల్లల వాటా.

జై భీమ్.